ఇనప్పెట్టె – పదకొండవ భాగం: తోడు తాళాలు

దిల్‌సుఖ్‌నగర్ లేడీస్ హాస్టల్లో మంటలు ఆరి నెల దాటింది. మేడమీది తలుపుకు తాళం వేయించినది ఎవరన్న ప్రశ్న మాత్రం ఆరలేదు. ఆ తలుపు దగ్గరే ఊపిరాడక మరణించిన శ్రీకళ ఇక సాక్ష్యం చెప్పలేదు. హాస్టల్ యజమాని యోగేందర్ సంతాప సభలో ముందు వరుసలో నిలబడి కన్నీళ్లు తుడుచుకున్నాడు. వాచ్‌మన్ సాయిలు జైల్లో ఉన్నాడు. సోమవారం కోర్టులో నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని ఎవరో నూరిపోయగా, చేయని నేరాన్ని ఒప్పుకోవడానికి సిద్ధపడ్డాడు కూడా.

అతని భార్య అండాలుకు మిగిలిన ఆధారం ఒక్కటే. ప్రమాదానికి ముందురోజు ఆమె భర్తకు సద్ది తీసుకొని వెళ్లినప్పుడు శ్రీకళ చెవిలో చెప్పిన మాట అది. “పిన్నీ, మేడ తలుపు తీయించమని అడిగితే మీ ఓనర్ ఏమన్నాడో మొత్తం వీడియో తీశాను. ఇనప్పెట్టెలో పెట్టాను. ఇక ఎవరూ చెరపలేరు.”

ఇనప్పెట్టె అనేది ఎల్.బి.నగర్‌లో వాణి అనే యువతి నడుపుతున్న చిన్న కంపెనీ. జనం తమ ఫొటోలను, పత్రాలను, వీడియోలను ఇంటర్నెట్‌లో దాచుకొనే చోటు. దాచుకున్నవారి తాళం లేనిదే కంపెనీవారు సైతం వాటిని తెరిచి చూడలేరన్నది దాని హామీ. పోలీసులు అడిగినప్పుడు కూడా వాణి అదే జవాబు చెప్పింది. ఆ జవాబు అండాలుకు చాలలేదు. ఆమె మీర్‌పేట్ నుండి బస్సులో వచ్చి, ఆఫీసు మెట్లెక్కి, పెట్టె తెరిచేదాకా కదలనని నేలమీద కూర్చున్నది. కిందటి వారం మనం ఆమెను అక్కడే విడిచి వచ్చాము.

*

“కుర్చీల కూసో అక్కా. నేల సల్లగున్నది,” అన్నది వాణి మూడోసారి.

“కుర్చీ కోసం రాలే నేను.”

కింద శానిటరీ సామాన్ల దుకాణంలో ఎవరో టైల్స్ కోయిస్తున్నారు. ఆ రంపపు కూత ఆగినప్పుడల్లా ఫ్లైఓవర్ మీది బస్సుల హారన్లు గదిలోకి వస్తున్నాయి. ఎదుటి గోడమీద కంపెనీ మాట పెద్ద అక్షరాలతో రాసి ఉంది: మీ పెట్టె మీది. తాళం కూడా మీదే.

అండాలు ఆ అక్షరాలను కూడబలుక్కొని చదివింది.

“మంచిగనే రాసుకున్నరు. మరి నా మొగని బతుకు ఎవరి పెట్టెల ఉన్నది? దాని తాళం ఎవని తాన ఉన్నది?”

వాణి లేచింది. కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పింది. అక్షరాలూ అంకెలూ గుర్తులూ ఒకదాని మీద ఒకటి ఎక్కి తెర నిండా కిక్కిరిసి ఉన్నాయి.

“ఇదేంది, బెల్లం మీద చీమలు పారినట్టు?”

“ఇదే శ్రీకళ దాచింది. ఇందుల వీడియో ఉన్నదో, పాటలున్నయో, పరీక్ష నోట్సు ఉన్నదో నాకు తెల్వది. తాళం లేకుంటే ఎవరికైనా గిట్లనే కనిపిస్తది. పోలీసోళ్లకు ఇదే ఇచ్చిన. ఖాతా ఎప్పుడు తెరిచిందో రాసిచ్చిన. నా తాన ఇంకేం లేదు.”

“బస్తీల ఏమంటున్నరో ఎరుకనా? యోగేందర్‌కు నువ్వు అమ్ముడువోయినవంట.”

“అననీ.”

“అననీ అంటే ఎట్ల? సిగ్గు గాదా నీకు?” అండాలు గొంతు లేచింది. “కొత్తపేటల రోడ్డు మీద కూసొని తాళాలు జేసేటోడు సదువుకోలే. తాళం పోయిందంటే గడియల మారుతాళం జేసిస్తడు. ఇంత సదువుకున్నవు. ఇన్ని మిషన్లు పెట్టుకున్నవు. ఒక్క మారుతాళం నీతోని గాదా?”

“కాదు అక్కా. కాకుండనే ఈ పెట్టెను కట్టిన. నాతోని అయ్యేదుంటే, మొన్న యోగేందర్ వచ్చినప్పుడే చేయించుకొని పోయేటోడు.”

అండాలు నేలమీదే ముందుకు జరిగింది.

“ఆయన ఈడికొచ్చిండా?”

“వచ్చిండు. ఇంకో ఇద్దరిని తోలుకొని వచ్చిండు. ఆ కుర్చీలనే కూసున్నడు. అందుల ఏమున్నదో చూపియ్యమన్నడు. చూపియ్యలేనంటే, చెరిపెయ్యమన్నడు. చెరిపేసుడు నా చేతుల ఉన్నది. చెయ్యనన్న. పోలీసు నోటీసు వచ్చినంక చెరిపితే నేరమైతది. నోటీసు రాకున్నా చెయ్యకపోదును. నీకు చెప్పిన మాటే ఆయనకూ చెప్పిన. ఇద్దరికీ ఒక్కటే జవాబు.”

“గివన్నీ నాకు జెప్పొచ్చునా మరి? నీది అంత గుట్టు కంపెనీ గదా!”

“ఆయన నా ఖాతాదారు కాదు,” అన్నది వాణి.

అండాలు ఆ కుర్చీని ఎగాదిగా చూసింది. “మంచిగైంది, కూసోలేదు,” అని కొంగుతో ముఖం తుడుచుకున్నది. ఆమె గొంతులోని వేడి కొంత దిగింది. తనకు తెరుచుకోని తలుపు శత్రువుకు కూడా తెరుచుకోలేదన్న సంగతి ఓదార్పు కాదు. అయినా, ఈ నెలరోజులలో ఆమె యోగేందర్‌కు కాదని చెప్పిన మనిషిని చూడడం ఇదే మొదలు.

“ఇంకో తొవ్వ లేనే లేదా బిడ్డా?”

వాణికి తెలిసిన దారి ఒకటి ఉంది. ఇది కూడా ఆమె పోలీసులకు చెప్పినదే. వారు రాసుకొని వెళ్లారు. ఆ తరువాత అడిగినవారు లేరు.

“ఉండొచ్చు. మా పెట్టెల తోడు తాళాలని ఒకటున్నది. మనిషికి ఏమన్నా అయితే పెట్టె ఎవరూ తెరవలేకుంట మూసుకపోతది గదా? అందుకని, బతికున్నప్పుడే తాళాన్ని మూడు ముక్కలు చేసి నమ్మినోళ్లు ముగ్గురికి పంచిపెట్టొచ్చు. అందుల ఏ ఇద్దరు ఒప్పుకున్నా పెట్టె తెరుచుకుంటది. ఒక్కరితోని కాదు.”

“ఆ ముగ్గురెవరు?”

“నాకు తెల్వది. ఆ పిల్ల పంచిందో లేదో కూడా తెల్వది. పంచితే ఆ ముక్కలు వాళ్ల వాళ్ల ఫోన్లల్లనే ఉంటయి. వాళ్లే ముందుకు రావాలె.”

“వాళ్లు రాకుంటే?”

ఈ ప్రశ్నకు జవాబు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. లేత నీలం చీర కట్టుకున్న ఒక స్త్రీ చెప్పులు విప్పి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు తలుపు పట్టుకొని నిలుచున్నది. చేతిలో ఫోను ఉంది. ఎంతసేపటి నుండి వింటున్నదో తెలియదు.

“నేను శ్రీకళ అమ్మనండి,” అన్నది ఆమె. “నా పేరు అమ్మాజీ. తెనాలి నుంచి వచ్చాం. మన్సూరాబాద్‌లో మా ఆడపడుచు ఇంట్లో ఉంటున్నాం.”

అండాలు గబుక్కున లేచి నిలబడింది. ఈ తల్లిని ఆమె మార్చురీ దగ్గర దూరం నుండి మాత్రమే చూసింది. దగ్గరికి వెళ్లే ధైర్యం ఆనాడు చాలలేదు. లోకం దృష్టిలో తాను ఈమె బిడ్డను చంపినవాడి భార్య.

అమ్మాజీ వచ్చి ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నది. అండాలు వైపు చూడలేదు.

“ఆ పెట్టె మూసెయ్యండమ్మా. లోపలున్నవన్నీ తీసెయ్యండి. కన్నతల్లిని, అడుగుతున్నాను. చచ్చిపోయాకైనా దాన్ని వదిలెయ్యండి.”

“కేసు నడుస్తున్నది కాబట్టి చెరపకూడదమ్మా,” అన్నది వాణి. “ఇలా అడగమని మీకు ఎవరైనా చెప్పారా?”

అమ్మాజీ ఫోనును ఒడిలో బోర్లించింది.

“ఎవరు చెబితే ఏం? ఎవరో పెద్దమనిషి పళ్లు పట్టుకొచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. ‘పెట్టె తెరిస్తే అందులోవన్నీ కోర్టులో వేస్తారమ్మా, టీవీల్లో వేస్తారు. వయసులో ఉన్న ఆడపిల్ల ఫోను, ఏముంటాయో ఏమో’ అన్నాడు. అంతే. ఇంకేం అనలేదు.” ఆమె పెదవులు బిగించింది. “నా పిల్లకు ఒక స్నేహితుడున్నాడు. వాళ్ల నాన్నకు తెలియదు. నాకు తెలుసు. ఆ ఫొటోలు నలుగురూ చూడాలా? దాన్ని కాటికి పంపాను. ఇప్పుడు బజారుకు కూడా పంపమంటారా?”

ఆడపిల్ల పరువు అనే మాట ఈ నగరంలో ఎన్ని నేరాలకు దుప్పటిగా పనికివచ్చిందో లెక్క రాసినవారు లేరు. ఆ దుప్పటిని పళ్లబుట్టతో సహా తెచ్చి, కూతురిని పోగొట్టుకున్న తల్లి భుజాలమీద కప్పి పోయినవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

అండాలు రెండడుగులు ముందుకు వేసింది.

“అమ్మా, మీ బిడ్డ ఏం తప్పు జేసిందని దాస్తున్నరు?”

“నువ్వు మాట్లాడకు,” అన్నది అమ్మాజీ, ఇప్పటికీ తల తిప్పకుండా. “నీ మొగుడి దగ్గర తాళాలన్నీ ఉండేవని వార్డెన్ చెప్పింది. తాళాల గుత్తి పోలీసులే చూపించారు.”

“ఉండెనమ్మా. గుత్తి ఉండె. అవి ఏం తాళాలో అడిగిన్రా?” అండాలు ఆమె కుర్చీ ఎదుటికి వచ్చింది. “మా హాస్టల్ ముంగట సందు మీరు చూసిన్రు గదా. ఒక స్కూటీ దియ్యాలంటే నాలుగు స్కూటీలు జరపాలె. గందుకే పిల్లలందరు బండి తాళాలు మా ఆయనకు ఇచ్చి కోచింగులకు పోయేటోళ్లు. పొద్దంతా బండ్లు ఇటు జరుపుడు, అటు జరుపుడు, గదే ఆయన పని. మేడమీది తాళం ఆ గుత్తిల ఎన్నడూ లేదు. అది ఓనర్ జేబులనే ఉండె. పైన పిల్లలు నిలవడి ఫోన్లు మాట్లాడుతున్నరని కాలనీవోళ్లు లొల్లి జేస్తే ఓనరే తాళం ఏయించిండు.”

వార్డెన్ చెప్పిన మాట అబద్ధం కాదు. సాయిలు దగ్గర తాళాలు ఉండేవి. నిజాన్ని తీసుకువెళ్లి నిలబెట్టకూడని చోట నిలబెట్టారు, అంతే. అబద్ధం కన్నా ఆ పని ఎక్కువ హాని చేస్తుంది.

“శ్రీకళ స్కూటీకి పసుపురంగు పూసల దారం కట్టి ఉండె,” అన్నది అండాలు. “అది మీరు కట్టిందేనా?”

అమ్మాజీ మొదటిసారి తల ఎత్తి ఆమెను చూసింది. కళ్లు నిండాయి.

అప్పుడు వాణి మాట్లాడింది. “అమ్మా, మిమ్మల్ని తెరవమని నేను అడగను. మీ దగ్గర ఏమైనా ఉందా అని కూడా అడగను. అది నా పని కాదు. ఆ పెద్దమనిషి మీకు చెప్పినదానిలో తప్పు మాత్రం సరిచేస్తాను. ఆ పెట్టె తెరుచుకుంటే కనిపించేది తాళం కలిపిన ఇద్దరికే. నాకు కాదు, పోలీసులకు కాదు. అందులోంచి ఒక్క వీడియో తీసి కోర్టుకు ఇవ్వవచ్చు. మిగతావి లోపలే ఉంటాయి. కోర్టు ఇంకేదైనా అడిగితే, ఏది కావాలో, ఎందుకు కావాలో చెప్పి అడగాలి. మీరు లాయరును పెట్టుకొని కాదనవచ్చు. టీవీలకు పోతాయన్నవాడు మీ అమ్మాయి గుట్టు కాపాడడానికి రాలేదు.”

“మరెందుకు వచ్చాడు?”

“మొన్న యోగేందర్ ఈడికొచ్చి, వీడియో చెరిపెయ్యమని ఈమెను బెదిరించిండంట,” అన్నది అండాలు. “ఇప్పుడు మీరు కూసున్న కుర్చీలనే కూసున్నడంట.”

అమ్మాజీ నిప్పు తగిలినట్టు కుర్చీలోంచి లేచింది.

ముగ్గురు స్త్రీలూ నిలబడే ఉన్నారు. కింద రంపం మళ్లీ మొదలై, కొంతసేపు కోసి, ఆగిపోయింది. అమ్మాజీ ఒడిలోంచి జారిన ఫోనును చేతిలో పట్టుకొని తిప్పి తిప్పి చూసింది. తరువాత తెరమీద ఒక సందేశాన్ని వెతికి, దాన్ని చూపించే బదులు తానే చదివింది.

“‘అమ్మా, ఇది నా తాళంలో ఒక ముక్క. జాగ్రత్తగా ఉంచు. నేను అడిగితేనే నొక్కు.’” ఆమె తెరమీది తేదీని వేలితో తడిమింది. “సంక్రాంతి సెలవులు అయ్యి హాస్టలుకు వెళ్లాక పంపింది. అది పోయిన ఈ నెలంతా ఈ ముక్క నా దగ్గరే ఉంది. నేను అడిగితేనే అంది. ఇంక అదెప్పుడు అడుగుతుందండీ?”

“అడిగింది గదమ్మా,” అన్నది అండాలు మెల్లగా. “తలుపు దియ్యమనే గదా అడిగింది.”

అమ్మాజీ కళ్లు మూసుకొని, తెరమీద బొటనవేలు ఆనించింది.

*

ఆమె ఫోనుమీద రెండు వాక్యాలు వెలిశాయి. తోడున్న మిగతా ఇద్దరికీ కబురు వెళ్లింది. వారిలో ఒక్కరు ఒప్పుకున్నా పెట్టె తెరుచుకుంటుంది.

ముగ్గురూ ఆ చిన్న తెరమీదికి వంగి చూస్తున్నారు. పేర్లు లేవు. రెండు బూడిదరంగు చుక్కలు. వాటిలో ఒకదాని కింద కొత్త మాట కనిపించింది: ఈ ఫోను ఆగిపోయి ఉంది.

“ఆగిపోవుడంటే?” అన్నది అండాలు.

“స్విచాఫ్ చేసి ఉన్నది. బందయి చాలా రోజులాయె, అందుకే పెట్టె వెంటనే చెప్పింది.”

అండాలు తెరమీది నుండి తల ఎత్తింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నది.

“ఆ పిల్ల... ఆ పిల్ల మా ఆయన ఫోన్ల ఏందో ఎక్కించింది. ‘బాబాయ్, నా బండి తాళం నీ దగ్గరుంది గదా, ఇదీ ఉండనీ’ అన్నదంట. ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్పిండు. ఏదో ఆట అనుకున్నం.”

“ఆ ఫోను ఇప్పుడు ఎక్కడున్నది అక్కా?”

“ఠాణాల. కవర్ల పెట్టి, లక్కముద్ర ఏసి, బీరువాల పెట్టిన్రు.” అండాలు నవ్వింది. వినడానికి కష్టంగా ఉన్న నవ్వు అది. “తాళాలున్నయని మనిషిని జైల్ల ఏసిన్రు. అసలు తాళాన్ని తీస్కవోయి పోలీసోళ్లే దాసిపెట్టిన్రు!”

హాస్టల్లో చేరిన ప్రతి అమ్మాయి మొదటివారంలోనే నేర్చుకొనే అలవాటును శ్రీకళ ఇక్కడ కూడా పాటించింది. తాళం ఇవ్వవలసివస్తే సాయిలుకే ఇవ్వాలి. అడిగినప్పుడు తిరిగి ఇస్తాడు, అడగనిదే ముట్టడు.

కోర్టు ఆ ఫోనును తెప్పించవచ్చు. దానికి దరఖాస్తు వేయాలి, వాయిదా రావాలి. సోమవారంలోగా అది జరిగే పని కాదని ముగ్గురికీ తెలుసు. మిగిలింది ఒక్క చుక్క.

ఆ చుక్క కింద మాట మారింది: ఈ ఫోను మోగుతోంది.

ఎవరిది? అమ్మాజీ తల అడ్డంగా ఊపింది. కూతురు స్నేహితుడిది కావచ్చునన్నది. అతని నంబరు తన దగ్గర లేదన్నది. అంతలో తెర మళ్లీ మారింది. ఆ ఫోనును ఎవరో తెరిచి చూశారు. ఒప్పుకోనూలేదు, కాదనలేదు.

టేబులు మీద, ఖాతాదారుల సహాయం కోసం ఉంచిన ఫోను మోగింది.

వాణి ఎత్తి చెవికి ఆనించుకున్నది.

“ఇనప్పెట్టేనా?” అటువైపు ఒక అమ్మాయి గొంతు, రహస్యం చెబుతున్నంత చిన్నగా. “నా ఫోన్ల శ్రీకళ పెట్టె తెరవడానికి ఒప్పుకుంటరా అని వచ్చింది. అది నిజమేనా? ఏదన్న ఫ్రాడా?”

“నిజమే. మీ పేరు నాకు చెప్పనవసరం లేదు.”

“చెప్తా. చెప్పకుంటే నాకు భయమైతది.” ఊపిరి పీల్చుకున్న చప్పుడు. “నేను తేజస్విని. యోగేందర్ గారి బిడ్డను.”

వాణి ఫోనును రెండో చెవికి మార్చుకున్నది. అండాలు ఆమె ముఖాన్నే చూస్తున్నది.

“శ్రీకళది, నాది కోచింగ్‌ల ఒక్కటే బెంచి. నాకే ఎందుకిచ్చిందో అప్పుడు అర్థం కాలే. మేడమ్, అందుల ఉన్నది మా డాడీ గొంతేనా?”

“నేను చూడలేదు తేజస్వినీ. చూడలేను.”

“మరి నన్నేం చెయ్యమంటరు? నొక్కాల్నా, వద్దా? మీరు చెప్పుండ్రి. మీరు చెప్పినట్టు చేస్త.”

నొక్కు. ఒక్క మాట. వాణి నాలుక చివర ఉంది. ఆ మాట అంటే సాయిలు ఇంటికి రావచ్చు. ఆ మాట అంటే గోడమీద రాసుకున్న వాక్యాన్ని తన చేతులతో తుడిచినట్టు అవుతుంది. పిల్లను బలవంతపెట్టి సాక్ష్యం పుట్టించారని రేపు యోగేందర్ లాయరు కోర్టులో అంటే, కాదనే హక్కు తనకు ఉండదు.

“నేను చెప్పకూడదు,” అన్నది చివరికి. “కానీ ఇక్కడ శ్రీకళ అమ్మగారు ఉన్నారు. సాయిలు భార్య అండాలు ఉన్నది. నీకు ఇష్టమైతేనే, వాళ్లలో ఎవరితోనైనా మాట్లాడు.”

అటువైపు, దూరంగా, ఒక మగగొంతు వినిపించింది: “తేజూ! ఎవరే ఫోన్ల?”

“ఇయ్యుండ్రి,” అన్నది అమ్మాయి తొందరగా. “అండాలు ఆంటీకే ఇయ్యుండ్రి.”

వాణి ఫోనును చాచింది. అండాలు దాన్ని రెండు చేతులతో అందుకున్నది. నెల రోజులుగా ప్రతి గుమ్మంలో చెప్పి చెప్పి అరిగిపోయిన వేడుకోలు ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. అమ్మాజీ, వాణి ఆ మాటల కోసమే ఎదురుచూశారు.

“బిడ్డా,” అన్నది అండాలు, “నువ్వున్న అర్రకు లోపట గడియ ఉన్నదా?”

“ఉన్నది ఆంటీ.”

“ముందుగాల అది ఎయ్యి.”

అటువైపు గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే, తలుపుమీద మొదటి దెబ్బ.